ఒళ్లంతా పచ్చబొట్లు.. ఇల్లు మాత్రం దూరం

నాయనమ్మల మోచేతుల మీద పచ్చబొట్లు చూస్తూ పెరిగిన వాళ్లమే మనలో చాలామందిమి. నొప్పికి ఓర్చుకుని ఓ పేరో, తేలు బొమ్మో పొడిపించుకునేవారు. ఆ నొప్పిని ముఖం మీదా, ఒంటి మీదా కూడా భరించిన ఓ ఫ్రెంచి నావికుడి కథ ఇది. పేరు జోసెఫ్ కాబ్రి. పొట్ట చేత పట్టుకుని పరాయి దేశమొచ్చిన మనకు ఇతని బతుకులో కొన్ని సంగతులు బాగా తెలిసినవే అనిపిస్తాయి.

కాబ్రి పుట్టింది ఫ్రాన్స్‌లోని బోర్డో రేవు పట్నంలో, 1780 ప్రాంతంలో. చిన్న వయసులోనే ఓడెక్కాడు. అప్పట్లో ఫ్రాన్స్‌కూ ఇంగ్లండుకూ యుద్ధం నడుస్తోంది. ఇంగ్లీషువాళ్లకు పట్టుబడి ఖైదీ అయ్యాడు. అక్కణ్నుంచి బయటపడ్డాక తిమింగలాలను వేటాడే ఓ ఇంగ్లీషు ఓడలో పనికి కుదిరాడు. ఆ ఓడల్లో బతుకు గురించి చెప్పేదేముంది.. ఏళ్ల తరబడి సముద్రం, పురుగు పట్టిన తిండి, ఎప్పుడు చేతికొస్తుందో తెలియని కూలి. దారిలో దీవి కనబడితే దూకి పారిపోయేవాళ్లు చాలామందే. 1790ల చివర్లో కాబ్రి పసిఫిక్ మహాసముద్రంలోని మార్కెసాస్ దీవుల్లో, నుకుహివాలో తేలాడు. ఓడ పగిలిపోయిందని తర్వాత తను చెప్పుకున్నాడు. పారిపోయి ఉంటాడనే మాకనిపిస్తుంది.

వీసాలు, పాస్‌పోర్టులు అడిగేవాడు లేడక్కడ. కానీ ఊళ్లో ఒకడు కావాలంటే మాత్రం లెక్కలున్నాయి. కాబ్రి వాళ్ల భాష నేర్చాడు, వాళ్లతో కలిసి యుద్ధాలకెళ్లాడు, అక్కడి అమ్మాయినే పెళ్లాడాడు. పిల్లలూ పుట్టారు. ఆమె ఓ పెద్దమనిషి కూతురని చెప్పుకునేవాడు. ఇక పచ్చబొట్టు! ఎముకతో చేసిన పళ్ల దువ్వెన లాంటి దాన్ని మసి నీళ్లలో ముంచి, చర్మం మీద పెట్టి, చిన్న కర్రతో టకటకా కొడతారు. నెత్తురు కారుతుంది, వాస్తుంది, మానాక మరో చోట మొదలు. పొడిచేవాడికి పందులను కూలిగా ఇచ్చుకోవాలి. అక్కడ ఒంటి మీద గీత అంటే అలంకారం ఒక్కటే కాదు, వీడు మనవాడు అని చెప్పే గుర్తు కూడా.

అదే దీవిలో ఎడ్వర్డ్ రాబర్ట్స్ అని ఓ ఇంగ్లీషువాడున్నాడు. 1798లో ఓడ వదిలి పారిపోయి వచ్చినవాడే. కరువు రోజుల్లో ఓ పెద్దమనిషి బంతిలో తిండి దొరకాలంటే గుర్తు కావాలి కాబట్టి, గుండె మీద ఓ బొట్టు పొడిపించుకున్నాడు. అంత పెద్ద సముద్రంలో ఇద్దరే తెల్లవాళ్లు, ఇద్దరికీ క్షణం పడదు! పరాయి చోట కూడా మనవాళ్లు ఒకరినొకరు ఓర్వకపోవడం మనమెరగనిదా? ఈ రాబర్ట్స్ తర్వాత భార్యాబిడ్డలతో పినాంగ్ మీదుగా మన కలకత్తా చేరాడు. తన కథంతా అక్కడే రాసి పెట్టాడు.

1804 మే నెలలో రష్యా ఓడలు వచ్చాయి. కెప్టెన్ క్రూజెన్‌స్టెర్న్‌కు ముందుగా కలిసింది రాబర్ట్స్. ఆ ఫ్రెంచివాణ్ని నమ్మొద్దని చెప్పేశాడు. ఓడలోని పండితుడు లాంగ్స్‌డోర్ఫ్ కాబ్రితో మాట్లాడి చూస్తే, అతను సొంత భాషనే దాదాపు మరిచిపోయాడు. ఓడ బయలుదేరే రోజున కాబ్రి దాని మీదే ఉన్నాడు. గాలి ఉధృతంగా వీచి ఓడ ఒడ్డుకు దూరమైపోయింది, దింపే వీల్లేకపోయిందని ఓడవాళ్ల మాట. తనను ఎత్తుకుపోయారని కాబ్రి మాట. ఏదైతేనేం, భార్యాపిల్లలు ఒడ్డునే ఉండిపోయారు.

కమ్చాట్కాలో దిగి, సైబీరియా అంతా నేల మీదే దాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. జార్ చక్రవర్తి చూడముచ్చటపడ్డాడు. దీవిలో నేర్చిన ఈత అక్కరకొచ్చింది. క్రోన్‌స్టాట్‌లో నౌకాదళం కుర్రాళ్లకు ఈత నేర్పే ఉద్యోగం దొరికింది. చలి దేశంలో ఏళ్లు గడిచిపోయాయి.

1817లో ఫ్రాన్స్ చేరాడు. రాజు 18వ లూయీ కూడా చూశాడు. చూసినవాళ్లంతా ఆశ్చర్యపోయారే గానీ, ఓడ ఎక్కించినవాడు ఒక్కడూ లేడు. దీవికి తిరిగి వెళ్లాలంటే డబ్బు కావాలి. అమ్ముకోవడానికి ఉన్నది ఒంటి మీది బొమ్మలే. తిరునాళ్లలో, డేరాల్లో టికెట్టు పెట్టి తన ఒళ్లు చూపించాడు, దీవి నాట్యాలు ఆడాడు, తన కథ చిన్న పుస్తకంగా వేయించి అమ్మాడు. నేర్పించిన కుక్కల ఆటలూ, వింత మనుషుల డేరాలూ పోటీ. కథలో తనను తాను పెద్ద న్యాయాధికారిగా చేసుకున్నాడు. జనం కావాలి మరి. పెళ్లాం పిల్లల దగ్గరికి పోవడానికే ఇదంతా అన్నది మాత్రం దాచుకోలేదు.

చార్జీలకు సరిపడా ఎన్నడూ కూడలేదు. 1822 సెప్టెంబరులో వాలెన్సియెన్ పట్నంలో జబ్బుపడి చనిపోయాడు. వయసు నలభై రెండు దాటలేదు. అతని తోలు ఒలిచి మ్యూజియంలో పెట్టుకోవాలని కొందరు ఉబలాటపడ్డారని, శవం దొంగల పాలు కాకుండా పట్నం అధికారులు అదే గుంతలో మరో శవాన్ని కలిపి పూడ్చారని చెబుతారు.