నీలం సంజీవరెడ్డి: ఒక ఓటమి, ఒక ఏకగ్రీవము

అమెరికా అధ్యక్షులలో ఎవరు దేనికి ప్రథములో లెక్కించుట, ఏ ఎన్నిక తారుమారైనచో ఆ వరుస ఎట్లు మారెడిదో ఊహించుట అచటి చరిత్రప్రియులకు పరిపాటి. అట్టి ఊహకు తెలుగునాట తగిన జీవితము నీలం సంజీవరెడ్డిగారిది.

అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913 మే 19న ఆయన జన్మించిరి. అడయారు దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలోను, అనంతపురం కళాశాలలోను చదివి, 1931లో చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమమున చేరిరి. కారాగారవాసము అనుభవించిరి. 1956 నవంబరు 1న అవతరించిన ఆంధ్రప్రదేశ్‌కు ప్రథమ ముఖ్యమంత్రి అయిరి. రెండవమారు ఆ పదవిలో ఉండగా, కర్నూలు బస్సుల జాతీయీకరణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలను శిరసావహించి 1964లో పదవిని త్యజించిరి. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వమును విడనాడి, సభాపతి ఏ పక్షమునకును చెందరాదని ఆచరణలో చూపిరి.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించుటతో ఎన్నిక వచ్చెను. కాంగ్రెసు అభ్యర్థి సంజీవరెడ్డిగారు. స్వతంత్రుడుగా నిలిచిన వి.వి. గిరిగారును తెలుగువారే. రెడ్డిగారి అభ్యర్థిత్వమును ప్రతిపాదించిన ప్రధాని ఇందిరాగాంధీయే పిమ్మట అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవలసినదిగా సభ్యులను కోరిరి. తొలి లెక్కింపులో గెలుపునకు వలసిన 4,18,169 ఓట్లు ఎవరికిని రాలేదు. ద్వితీయ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. అంతరము 14,650 మాత్రమే.

అందు సగమునకు మించి ఇటు మరలినచో ఏమయ్యెడిది? ద్వితీయ ప్రాధాన్యముతో గెలిచిన తొలి రాష్ట్రపతి యను పేరు రెడ్డిగారికి దక్కెడిది. స్వతంత్ర అభ్యర్థి రాష్ట్రపతి యగుట ఆనాడు జరుగకపోయెడిది. ఆ నవంబరులో చీలిన కాంగ్రెసు చీలకయే ఉండెడిదేమో! కాని 1977 నాటి గౌరవము మాత్రము ఆయనకు దుర్లభమయ్యెడిది.

జరిగినది వేఱు. 1971 లోక్‌సభ ఎన్నికలలోను ఓడి, స్వగ్రామమునకు మరలి సేద్యము చేసికొనిరి. 1977లో నంద్యాల నుండి గెలిచిరి. రాష్ట్రమునందలి 42 స్థానములలో జనతా పార్టీకి దక్కినది ఆ ఒక్కటియే. మరల స్పీకరైరి. ఆ యేడే రాష్ట్రపతి పదవికి దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కృతములు కాగా, పోటీ లేకుండ ఆ పదవికి ఎన్నికైన తొలి వ్యక్తి అయిరి. నేటివరకు మరియొకరికి ఆ గౌరవము అబ్బలేదు.

1980లో రాయబరేలీ, మెదక్ రెండింటను గెలిచిన ఇందిరాగాంధీ మెదక్ స్థానమునే నిలుపుకొనిరి. జనవరి 14న ఆమెచే ప్రధానిగా ప్రమాణము చేయించినది ఆ సంజీవరెడ్డిగారే. తూప్రాను పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయునికి ఇది దూరపు ఢిల్లీ కథ కాదు, తమ జిల్లా కథయే.

1996 జూన్ 1న బెంగుళూరులో ఆయన కీర్తిశేషులైరి. ఓట్ల లెక్క మారినచో ప్రథమ గౌరవములు చేతులు మారెడివి. 1964లో పదవిని విడుచుట, 1967లో పక్షమును విడుచుట మాత్రము ఏ లెక్కకును లొంగనివి.