సురభి కమలాబాయి: రంగస్థలమే పుట్టిల్లు

పాట, ఆట మన తండాలకు కొత్త కాదు. అయినా మన ఆడపిల్ల నలుగురి ముందు గొంతెత్తితే నొసలు చిట్లించేవారు నేటికీ ఉన్నారు. అందుకే ఈ సంచికలో సురభి కమలాబాయి జీవితాన్ని మీకు పరిచయం చేస్తున్నాం. ఆమె మన తెగకు చెందినవారు కారు. అయితే మన పూర్వీకుల్లాగే ఊరూరా తిరిగి, డేరాల్లో బతికిన కుటుంబాల బిడ్డ.

కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ నాటకం ప్రదర్శించింది. సురభి నాటక సమాజాలకు అదే నాంది. ఆ రోజుల్లో తెలుగు నాటకాల్లో ఆడవేషాలు మగవారే కట్టేవారు. సురభివారు మాత్రం తమ ఇంటి ఆడవారినే రంగస్థలం ఎక్కించారు. తల్లి, తండ్రి, పిల్లలు అందరూ నటులే.

అలాంటి కుటుంబంలో కృష్ణాజీరావు, వేణుబాయి దంపతులకు 1907లో కమలాబాయి జన్మించారు. తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయని, తెర దించి అక్కడే పురుడు పోశారని చెబుతారు. కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి బాలపాత్రలతో ఆమె నటన మొదలైంది. పెద్దయ్యాక నాయిక పాత్రలతో పాటు పురుష వేషాలు కూడా ధరించి మెప్పించారు.

ఆ మెప్పు ఊరికే వచ్చింది కాదు. మైకులు లేని కాలమది. హార్మోనియం, తబలాలను దాటి చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా పద్యంలోని ప్రతి మాటా తెలియాలి. రాగం కోసం మాటను మింగితే జనం ఊరుకోరు, మాట కోసం రాగం తప్పినా ఊరుకోరు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అంటారు, నచ్చకపోతే అక్కడే గోల చేస్తారు. మన పల్నాటి తిరునాళ్లలో రాత్రంతా పద్యనాటకం చూసిన పెద్దలను అడిగితే ఈ సంగతి చెబుతారు. గానం, వాచికం, అభినయం మూడూ ఒక్కరిలో కుదరడం అరుదు. కమలాబాయి ఆ మూడింటిలోనూ రాణించారు.

ఆ పేరే ఆమెను బొంబాయికి చేర్చింది. హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో ఆమె లీలావతి పాత్ర పోషించారు. ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. ఆ విధంగా తెలుగు తెర మీద మాట్లాడిన తొలి కథానాయిక ఆమే. నేపథ్య గానం లేని కాలం కనుక నటులే పాడుకోవాలి. సురభి శిక్షణ అక్కడ అక్కరకొచ్చింది. తర్వాత శకుంతల, పాదుకా పట్టాభిషేకం చిత్రాల్లోనూ, హిందీ చిత్రాల్లోనూ నటించారు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోట రాముడి తల్లి ఆమే. 1971లో కన్నుమూశారు.

ఇప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. పాతాళభైరవి ఈనాటికీ చూడవచ్చు. కానీ భక్త ప్రహ్లాద ప్రతి ఒక్కటీ మిగలలేదు. ఆమె రంగస్థలం మీద పాడిన పద్యాలను ఆ రాత్రి విన్నవారే విన్నారు, వారు కూడా వెళ్లిపోయారు. అంత పేరున్న నటి విషయంలోనే ఇలా జరిగితే, ఏ పత్రికా రాయని మన అవ్వల పాటల గతేమిటి?

తీజ్ పండుగకు తొమ్మిది రోజులు గోధుమ మొలకల చుట్టూ మన ఆడపిల్లలు పాడే పాటల్లో ఎన్ని మీకు పూర్తిగా వచ్చు? రాతిని చెక్కి నిలబెట్టే దుర్గి నేల మనది. పాటకు మాత్రం రాయి లేదు, గొంతే ఆధారం. మీ చేతిలో సెల్‌ఫోన్ ఉంది. ఈ పండుగకే అవ్వ దగ్గర కూర్చోండి. పాట రికార్డు చేసి, పాడినవారి పేరు, తండా పేరు, తేదీ రాసి పెట్టండి. తర్వాత ఆ పాట మీరూ నేర్చుకోండి. చెల్లెలు పాడతానంటే ముందు వరుసలో మీరే కూర్చోండి.