మంచుకొండలెక్కిన శాస్త్రవేత్త – జాన్ టిండాల్

ఉదయపు పూజ సమయంలో దేవాలయం కిటికీలోంచి ఎండ పడితే, ఆ వెలుగుబాటలో ధూళికణాలు మెరవడం మనమంతా చూసినదే. దీనినే మన పిల్లలు బడిలో 'టిండాల్ ప్రభావం' అని చదువుకుంటారు. ఆ పేరుగల శాస్త్రవేత్త జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

జాన్ టిండాల్ 1820లో ఐర్లండులో, ఒక పోలీసు కానిస్టేబులు ఇంట జన్మించారు. మొదట భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశారు. దాచుకున్న డబ్బుతో జర్మనీ వెళ్ళి డాక్టరేటు సాధించారు. 1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు.

మంచు ఎలా కదులుతుందో తెలుసుకోవాలని ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళిన ఆయన, ఆ కొండల మీద మనసు పారేసుకున్నారు. 1858లో మాంటె రోజా శిఖరాన్ని ఒంటరిగా ఎక్కారు. 1861లో 4,505 మీటర్ల వైస్‌హార్న్ శిఖరాన్ని, ఇద్దరు మార్గదర్శకులతో కలిసి, అందరికంటే ముందుగా చేరారు. ఆల్ప్స్ హిమానీనదాల మీద 1860లో, ఉష్ణం మీద 1863లో ఆయన రాసిన గ్రంథాలు సామాన్యులు కూడా చదివారు. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని పట్టి ఉంచుతాయని 1859 నుంచి ప్రయోగాలతో కొలిచి చూపారు. నేడు భూమి వేడెక్కడం గురించి జరుగుతున్న చర్చకు ఆ కొలతలు ఒక పునాది.

అయితే విశ్వాస విషయంలో ఆయన సందేహవాది. విశ్వం ఎలా పుట్టిందో చెప్పడం శాస్త్రం పనేగాని మతం పని కాదని 1874లో బెల్‌ఫాస్టు సభలో ప్రసంగించారు. ఐర్లండు కతోలిక పీఠాధిపతులు దానిని లేఖ ద్వారా ఖండించారు.

ఆయనకు అతి దగ్గరి మిత్రుడు మైకేల్ ఫారడే. ఆ మహాశాస్త్రవేత్త తన చిన్న క్రైస్తవ సంఘంలో పెద్దగా సేవచేసిన గొప్ప భక్తుడు. ఒకరు విశ్వాసి, మరొకరు సందేహి. ఒకే సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసినా వారి స్నేహం చెడలేదు. ఫారడే 1867లో కన్నుమూయగా, మరుసటి ఏడు ఆయన గురించి ప్రేమతో పుస్తకం రాసినది టిండాలే.

1893లో, మందుసీసాలు తారుమారై, భార్య లూయిసా పొరపాటున వేరే మందు ఇవ్వడంతో టిండాల్ మరణించారు. ఆమె 1940లో మరణించేదాకా భర్త ఉత్తరాలను, రాతలను భద్రపరుస్తూనే గడిపారు.

చదువుకున్న బిడ్డ విశ్వాసం గురించి ప్రశ్న అడిగితే మన ఇళ్ళలో వెంటనే కోపం వస్తుంది. ఫారడే తన విశ్వాసాన్ని దాచలేదు, వదలలేదు. సందేహించిన మిత్రుణ్ణీ వదలలేదు. తల్లిదండ్రులమైన మనకు అది చాలదా?