సుభాసుబాబు తుదివిమానము

1939 జనవరి 29వ తేదీని కాంగ్రెసు అధ్యక్షపదవికై జరిగిన ఎన్నికయందు మన బందరు వాస్తవ్యులు పట్టాభి సీతారామయ్యగారు ఓడిపోయిరి. సుభాసు చంద్రబోసునకు 1580 ఓట్లును, పట్టాభిగారికి 1377 ఓట్లును వచ్చెను. ఆ ఓటమి తనదే యని గాంధీమహాత్ముడు ప్రకటించిన సంగతి లోకవిదితము. మన యూరిపెద్దను ఓడించినవాని చరిత్రమును బందరువారు నిష్పక్షపాతముగ చెప్పగలరా యని కొందరు శంకింపవచ్చును. మాకు పక్షపాతమే యున్నచో అది గెలిచినవాని వైపుననే కొంత యున్నదని ముందుగా ఒప్పుకొనుచున్నాము.

సుభాసుబాబు 1897 జనవరి 23న కటకమునందు న్యాయవాది జానకీనాథ బోసుగారి యింట జన్మించెను. ఐ.సి.యస్. పరీక్షలో నాలుగవవాడుగ నెగ్గి, 1921లో ఆ యుద్యోగమును విడిచిపెట్టెను. గ్రామకరణీకమునకై పదిమంది గుమ్మములు తొక్కువారున్న దేశమున, జిల్లా దొరతనము చేతికందివచ్చిన పిమ్మట త్రోసివేసినవాడెట్టివాడో పాఠకులే యూహింపగలరు. పిదప మాండలే చెరసాల, కలకత్తా నగరాధ్యక్షత, 1938లో హరిపురా కాంగ్రెసు అధ్యక్షత వరుసగా వచ్చెను. మరుసటి యేట గెలిచిన పదవిని మూడు మాసములకే వదలుకొని, ఫార్వర్డు బ్లాకును స్థాపించెను.

1941 జనవరి 16వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, గృహనిర్బంధమునందుండియు, ముసల్మాను వేషముతో కలకత్తా ఇల్లు వెడలెను. అన్నకుమారుడు కారు నడిపెను. గోమో స్టేషనులో రైలెక్కి, పెషావరు, కాబూలు, మాస్కోల మీదుగా బెర్లిను చేరెను. 1943లో జలాంతర్గామిలో తూర్పునకు మరలినప్పుడు ఆయన వెంటనున్న యొకేయొక్క భారతీయుడు మన హైదరాబాదు వాడగు ఆబిద్ హసను. సుమారు మూడు మాసములు సముద్రగర్భమున సాగిన ఆ ప్రయాణమున, మడగాస్కరు జలములలో జర్మనుల ఓడనుండి జపానువారి ఓడలోనికి మారవలసివచ్చెను. ఆ యేటి అక్టోబరు 21న సింగపూరులో ఆజాదు హిందు ప్రభుత్వము వెలసెను.

శత్రువుయొక్క శత్రువు మిత్రుడను మండలనీతిని కౌటిల్యుడు మనకు ఏనాడో నేర్పియున్నాడు. ఐనను 1942 ఏప్రిలు 6న కాకినాడ, విశాఖపట్టణములపై బాంబులు వేసిన మిత్రుడెట్టివాడో మన తీరమువారెరుగుదురు. ఈ విషయమున సుభాసుబాబు లెక్క తప్పినదనియే మా యభిప్రాయము. ఆయన సాహసమునుగాని త్యాగమునుగాని అది తగ్గింపదు.

1945 ఆగష్టు 15న జపాను లొంగిపోయెను. 16న ఆయన సింగపూరు విడిచి బాంకాకునకును, 17న సైగానునకును చేరెను. అచ్చటినుండి ముందునకు పోవు విమానమున అందరికిని చోటు లేదనిరి. ఎంతో బేరమాడగా రెండు స్థానములు మాత్రమే దొరకెను. ఒకటి తనకు, ఒకటి హబీబుర్ రహమానునకు. ఆబిద్ హసను, తక్కినవారు సైగాను నేలమీదనే నిలిచిపోయిరి. అది రెండు ఇంజనులు గల బాంబు విమానము. జపాను సేనాని షిడే అందులోనే మంచూరియాకు పోవుచుండెను. అచ్చటినుండి రష్యావారిని కలిసికొనవలెనని సుభాసుబాబు ఉద్దేశము. ఆ రాత్రి టూరేనులో ఆగి, 18వ తేదీ మధ్యాహ్నము ఫార్మోజా ద్వీపమునందలి తైహోకులో దిగి పెట్రోలు పోసికొనిరి. మరల పైకి లేచిన కొలది క్షణములకే ఎడమవైపు ఇంజను పంకా ఊడిపోయెను. విమానము నేలకూలి అంటుకొనెను. షిడేయు, విమానచోదకుడును మరణించిరి. పెట్రోలుతో తడిసిన బట్టలతో మంటలలోనుండి బయటకు వచ్చిన సుభాసుబాబు ఆ రాత్రియే సైనిక ఆసుపత్రిలో కన్నుమూసెనని, చేతులు కాలిన హబీబుర్ రహమాను చెప్పెను. బ్రతికిన జపానువారును, వైద్యులును అదే చెప్పిరి.

ఈ వార్త లోకమునకు తెలిసినది 23వ తేదీని. తనవారిలో ఒక్కడు తప్ప ఎవ్వరును ఆ దేహమును చూడలేదు. నమ్ముటెట్లు? గాంధీమహాత్ముడే కొంతకాలము నమ్మక, 1946లో ఆ మాటను ఉపసంహరించుకొనెను. రష్యా చెరలోనున్నాడని కొందరు, సన్న్యాసియై తిరుగుచున్నాడని కొందరు చెప్పిన కథలు గుడివాడ అరుగులమీదను, బందరు కోనేటి సెంటరులోను మేమును విన్నవారమే. విని నవ్వినవారిని మేము మెచ్చలేదు. శవము కానరాని చావెట్టిదో దివిసీమవారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని ఈడ్చుకొనిపోయినప్పుడు, కడసారి చూపు దక్కని యిండ్లెన్నియో! అట్టి యింట వీధితలుపు చప్పుడైనప్పుడెల్ల ఆశ పుట్టును. దేశమంతయు ఒక పెద్ద యిల్లయినప్పుడు ఆ యాశ యెంతగా పెరుగును?

1956లో షానవాజుఖాను సంఘమును, 1974లో ఖోస్లా సంఘమును విమానప్రమాదమునే నిశ్చయించెను. మొదటి సంఘములో సభ్యుడగు సుభాసుబాబు అన్న సురేశచంద్ర బోసుగారు మాత్రము సమ్మతింపలేదు. 2005లో ముఖర్జీ సంఘము ఆయన మృతిచెందెననియు, కాని ఆ ప్రమాదమున కాదనియు చెప్పెను. ప్రభుత్వము దానిని త్రోసివేసెను. ఆనాటి ప్రమాదమునకు తమవద్ద దాఖలా లేదని తైవానువారు తెలిపిన మాట నిజమే. కాని ఓడిన సైన్యము తన కాగితములను తగులబెట్టుచున్న దినములవి. దాఖలా లేకుండుటకంటె హబీబుర్ రహమాను సాక్ష్యము మాకు బలవత్తరముగ తోచుచున్నది. దేశవిభజనానంతరము పాకిస్తానుకు పోయినవాడు, ఇచ్చటి యెవరి మెప్పునుగాని కోరనవసరము లేనివాడు, 1956లోను ఆ మాటనే నిలిపెను.

అదే విమానమున చనిపోయిన జపానువారినిగూర్చి మన వాదములలో ఎవ్వరును ఒక్క మాటైన అనరు. వారు బ్రతికియున్నారని చెప్పినవాడు లేడు. సుభాసుబాబు చితాభస్మమనబడునది 1945 సెప్టెంబరు నుండి టోకియోలోని రెంకోజీ ఆలయమున ఒక చిన్న కలశములో నున్నది. దానిని స్వదేశమునకు తెప్పింపుడని ఆయన కుమార్తె అనిత పలుమారులు కోరెను.