తన టెలిస్కోప్ పూర్తికాకముందే వెళ్లిపోయిన వైను బప్పు
పొరుగు గెలాక్సీల్లోని నెబ్యులాలను ఒక్క హైడ్రోజన్ ఎర్ర కాంతిలోనే తీసిన ఫోటోలు ఇప్పుడు ఫోన్లలోకే వచ్చేస్తున్నాయి. వైను బప్పు రోజుల్లో అంతా గాజు ప్లేట్లే. 1927లో మద్రాసులో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగారు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. హార్వర్డ్‌లో చదువుతుండగా 1949 జులై 2న తాను తీసిన ప్లేటులోనే కొత్త తోకచుక్కను పట్టేశారు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు.

అసలు గొప్ప పని 1957లో వచ్చింది. నక్షత్ర కాంతిలో సన్నటి కాల్షియం గీత ఒక్కటి చాలట! దాని వెడల్పు కొలిస్తే ఆ నక్షత్రం నిజమైన వెలుగెంతో తెలుస్తుందని విల్సన్‌తో కలిసి తేల్చారు.

తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల టెలిస్కోప్‌ను మన దేశంలోనే తయారు చేయించాలని పూనుకున్నారు. పని నడుస్తుండగానే 1982లో మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1986లో అది ప్రారంభమైంది, ఆయన పేరుతోనే.