పేగుల జబ్బు నుంచి ఫోలిక్ యాసిడ్ దాకా: యల్లాప్రగడ సుబ్బారావు

బైపీసీ చదివిన ఏ ఫ్రెండ్‌ని అడిగినా ఏటీపీ అంటే కణానికి కరెన్సీ లాంటిదని ఠక్కున చెప్తారు. 1929లో దాన్ని కనిపెట్టిన వాళ్ళలో ఒక తెలుగాయన ఉన్నారని మాత్రం చాలామందికి తెలీదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సైన్స్ గురించి ఇంటర్నెట్‌లో బోలెడంత దొరుకుతుంది. నేను మాత్రం ఆయన కడుపు గురించి రాస్తున్నా.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు ఫస్ట్ ర్యాంకు స్టూడెంట్ ఏం కాదు. ఒకసారి ఇంట్లోంచి కాశీకి పారిపోబోతే వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. తర్వాత మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మెడికల్ కాలేజీ. డబ్బుకు ఇబ్బంది అయితే మామగారు సాయం చేశారు.

ఆ రోజుల్లోనే ఇంట్లోకి స్ప్రూ అనే జబ్బు వచ్చింది. ఆయుర్వేదంలో సంగ్రహణి అనేదానికి ఇది దగ్గరగా ఉంటుంది. ఇందులో చిన్నపేగు లోపలి పొర పాడైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండు పడుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమైపోతాడు. కొద్ది రోజుల తేడాలో సుబ్బారావు గారి ఇద్దరు అన్నదమ్ములు దీంతోనే చనిపోయారు. ఆ జబ్బు ఆయనకీ వచ్చింది. ఇంగ్లీషు వైద్యం చదువుతున్న ఆయన్ని చివరికి బతికించింది ఆయుర్వేద వైద్యం చేసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు స్కోలియోసిస్ ఉంది. అంటే వెన్నెముక నిటారుగా కాకుండా పక్కకి వంపు తిరిగి ఉంటుంది. నా వంపు కాస్త ఎక్కువ కాబట్టి లోపల కడుపుకు చోటు తగ్గిందని డాక్టర్ చెప్పారు. నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉంటుంది, రాత్రి పడుకుంటే ఛాతీలో మంట. అందుకే మెస్‌లో అందరిలా ఒకేసారి తినను, రోజుకి ఐదారు సార్లు కొంచెం కొంచెం తింటా. సరిగ్గా కూర్చోకపోవడం వల్లే వచ్చిందని చాలామంది అంటారు. నాలాంటి కేసుల్లో కారణం ఇప్పటికీ ఎవరికీ తెలీదు. స్ప్రూ, స్కోలియోసిస్ ఒకటి కావు, నాకు ప్రాణం మీదకి ఏం రాలేదు. కానీ ప్లేట్ ముందు కూర్చుని భయపడటం అంటే ఏంటో తెలుసు కాబట్టి ఈయన కథ నాకు వేరేలా అర్థమైంది.

జబ్బు తగ్గినా కష్టాలు తగ్గలేదు. గాంధీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొన్నాళ్ళు అనాటమీ చెప్పి, 1922లో బోస్టన్ వెళ్ళారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువుతూ, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్ లివర్ నుంచి ఒక విటమిన్‌ని వేరు చేసి, 1945కల్లా ల్యాబ్‌లోనే తయారు చేసింది. అదే ఫోలిక్ యాసిడ్. స్ప్రూ పేషెంట్లకి ఇచ్చి చూస్తే రక్తం పెరిగింది, మనుషులు కోలుకున్నారు. 1948లో అదే లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో అదే మొదటిది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టింది ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ రోజుకీ ట్రాపికల్ స్ప్రూకి డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ రకం మందు. అన్నదమ్ములకి అందని రెండు మందులూ ఆయన నడిపిన ల్యాబ్ నుంచే వచ్చాయి. అప్పటికి వాళ్ళు పోయి పాతికేళ్ళు దాటింది.

ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందుల్ని కూడా ఆ టీమే చేసింది. వాటితోనే సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి వైద్యం మొదలుపెట్టారు. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే చనిపోయారు. 53 ఏళ్ళే. ఇండియా వదిలాక మళ్ళీ రాలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడనే లేదు. ఈ కథలో ఆమె వాటా కష్టం కూడా రాసుకోవాలి.

జబ్బు వస్తే గొప్పవాళ్ళవుతారని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఆయన ఇద్దరు అన్నదమ్ములకీ అదే జబ్బు వచ్చింది, వాళ్ళ పేర్లు మనలో చాలామందికి తెలీవు. ఆయన బతికింది ఇంకొకరి వైద్యం వల్ల, చదివింది ఇంకొకరి డబ్బుతో. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పని చేశారు, అంతే.

మన సిద్దిపేటలో ఏ మెడికల్ షాపుకి పోయి అడిగినా ఫోలిక్ యాసిడ్ గోలీలు కొన్ని రూపాయలకే ఇస్తారు. గవర్నమెంట్ బడుల్లో పిల్లలకి వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీలో కూడా అది ఉంటుంది. ఈసారి మీ చెల్లి ఆ గోలీ మింగనని మారాం చేస్తే, ముందు ఈ భీమవరం ఆయన కథ చెప్పండి.