పైరుల వైద్యుడు బట్లరు

చెఱకు నాటువేళ, ముచ్చెలు కొట్టబోయే ముందు, గడను నిలువునా చీల్చి చూచుట వివేకవంతుడైన రైతు లక్షణం. లోపల తెల్లగా ఉన్నదా, అది విత్తనానికి పనికివచ్చును. ఎఱ్ఱని చాఱలు తేలి, వాటి నడుమ అడ్డంగా తెల్లని మచ్చలు కనిపించి, పులిసిన కల్లు వాసన ముక్కుకు తగిలినదా, ఆ గడ మంటలో పడవలసినదే. ఎఱ్ఱకుళ్ళు అనే ఈ తెగులు గుట్టును మన దేశంలో తేటతెల్లం చేసిన మహనీయుడు సర్ ఎడ్విన్ జాన్ బట్లరు. బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది 1937లో. అప్పటికి ఆయన భారతదేశం విడిచి పదిహేడేండ్లు గడచినవి. అయినను నిజామాబాదు సీమకు సిరులు పండించిన చెఱకు, పసుపు అనే రెండు పైరుల తెగుళ్ళ చరిత్రలోను ఆయన పేరు చెరగనిది.

ఐర్లండు పశ్చిమ తీరాన, క్లేరు మండలంలో, కిల్కీ అనే సముద్రతీర గ్రామంలో 1874 ఆగస్టు 13వ తేదీన బట్లరు జన్మించినాడు. ఆ దేశాన్ని కరవు కబళించి అప్పటికి పాతికేండ్లు. 1845లో బంగాళాదుంప పైరుకు సోకిన ఒక తెగులు లక్షలాది జనుల ప్రాణాలు తీసినది. అంతకు మించినవారిని ఓడలెక్కించి దేశాంతరాలకు తరిమినది. కంటికి కనిపించని బూజు ఒక జాతి తలవ్రాతను మార్చగలదని ఐరిష్ బిడ్డకు వేరుగా నేర్పనక్కరలేదు. బట్లరు మాత్రం చదివినది వైద్యశాస్త్రం. కార్కు నగరంలోని క్వీన్స్ కళాశాలలో 1898లో వైద్యపట్టం పొందినాడు. కాని ఆ కళాశాలలోనే ప్రకృతిశాస్త్రాచార్యుడైన మార్కస్ హార్టోగు సాంగత్యం ఆయన దృష్టిని నీటిలో పెరిగే బూజుల వైపు త్రిప్పినది. మనుష్యుల నాడి చూడవలసిన చేయి సూక్ష్మదర్శినిని పట్టినది. పారిసు, ఫ్రైబర్గు నగరాలలో ఆ విద్యకు మెఱుగులు దిద్దుకొన్నాడు.

1901లో భారత ప్రభుత్వ ఉద్యోగిగా కలకత్తాలో అడుగుపెట్టినాడు. పిమ్మట డెహ్రాడూను, తరువాత బీహారులోని పూసా. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనికుని విరాళంతో కర్జను ప్రభువు కాలంలో, 1905లో, పూసా వ్యవసాయ పరిశోధనాలయం ఏర్పడినది. అక్కడ ఇంపీరియల్ మైకాలజిస్టు పదవి, అనగా శిలీంధ్రశాస్త్రజ్ఞుని పదవి, బట్లరుదే.

ఆయన కీర్తిలో తెలుగునేలకు గల భాగం చిన్నది కాదు. చెఱకు ఎఱ్ఱకుళ్ళు మన దేశంలో మొదట శాస్త్రజ్ఞుల కంటబడినది గోదావరి డెల్టాలోనే. గోదావరి, గంజాం జిల్లాలలో తోటలు ఎండిపోవుచుండగా మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు 1901లో దానిని గురించి వ్రాసినాడు. సామర్లకోటలో చెఱకు పరిశోధనా క్షేత్రం వెలయుటకు ఈ విపత్తే కారణం. అదే డెల్టాలో తాడిచెట్లకు మొవ్వుకుళ్ళు పట్టినది. గోదావరి పల్లెలో తాడి అనగా ఇంటి కప్పు, దూలం, కల్లు, బెల్లం, వేసవి ముంజె. గీతవారి కుటుంబాలకు అదే భుక్తి. మొవ్వు కుళ్ళిన చెట్టు తల లేని మనిషి వంటిది, మరల చిగుర్చదు. బట్లరు ఆ తెగులును పరిశీలించి, దానికి మూలమైన జీవిని గుర్తించి, 1907లో దానికి పేరు పెట్టినాడు. నేడు శాస్త్రజ్ఞులు దానిని ఫైటాఫ్తొరా పామివోరా అంటారు. ఐర్లండు దుంపపైరును కాల్చినది దీని దాయాదియే. ఆయన చెప్పిన చికిత్స కఠినం: తెగులు సోకిన చెట్టు తలను నఱికి తగులబెట్టవలె. సొంత చెట్టును గొడ్డలికి అప్పగించుటకు ఏ రైతు మనసు ఒప్పును? అయినను వేలకొలది తలలు నేలకూలినవి. ప్రక్క చెట్లు బ్రతికినవి. శస్త్రవైద్యుడు కుళ్ళిన వ్రేలిని తీసి చేతిని నిలుపుట వంటిది ఈ పని. బట్లరులోని వైద్యుడు ఎక్కడికీ పోలేదు.

1906లో బంగాళా చెఱకు తెగుళ్ళను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథం చిన్నదే, ఫలితం పెద్దది. తెగులు గాలివాటున వచ్చిపడుట కంటె రైతు తన చేతితో నాటే ముచ్చెలోనే దాగి పొలానికి చేరునని ఆయన చాటినాడు. మందు కంటె ముందు విత్తనం. ఎఱుపు కనిపించిన ముచ్చెను పారవేయుట, ఆరోగ్యమైన తోటనుండి విత్తనం ఏరుట, ఇదే ఆయన ఉపదేశించిన వైద్యం. కంది ఎండు తెగులునకును ఆయన త్రొక్కిన త్రోవ తెగులును తట్టుకొనే రకాలను ఏరుటయే. పసుపు ఆకులపై గుంపులు గుంపులుగా పుట్టే చిన్న మచ్చలకు కారణమైన శిలీంధ్రానికి 1911లో టాఫ్రైనా మాకులాన్స్ అని నామకరణం చేసినదియు ఆయనే. ఆర్మూరు, బాల్కొండ రైతులు ఆ పేరు ఎరుగకున్నను ఆ మచ్చలను బాగుగా ఎరుగుదురు.

మందులు ఆయన ఎరుగనివి కావు. ఫ్రాన్సులో దారిన పోయేవారు ద్రాక్షపండ్లు కోయకుండ బెదరించుటకు మైలుతుత్తము, సున్నము కలిపి తీగలపై చల్లగా, ఆ తీగలకు బూజు సోకలేదని గమనించి మిలార్డే అనే ఆచార్యుడు 1885లో బోర్డో మిశ్రమాన్ని లోకానికిచ్చినాడు. దొంగలకై వేసిన వేషం దొరతనం సంపాదించినది! కాని మన దేశపు మెట్టరైతు బీదతనమును, పొలాల విస్తారమును కన్నులార చూచిన బట్లరు ఎక్కువగా నమ్మినది విత్తనశుద్ధిని, పొలం శుభ్రతను.

1918లో శిలీంధ్రాలను, మొక్కల తెగుళ్ళను గూర్చిన ఆయన బృహద్గ్రంథం కలకత్తాలో వెలువడినది. 1920లో ఇంగ్లండు వెళ్ళి, క్యూలో కొత్తగా నెలకొల్పిన ఇంపీరియల్ శిలీంధ్రశాస్త్ర సంస్థకు సారథ్యం వహించినాడు. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1939లో సర్ బిరుదు లభించినవి. 1943 ఏప్రిల్ 4న కన్నుమూసినాడు.

1934లో అమెరికాలో డైథయోకార్బమేట్లు అనే కొత్త మందుల జాతికి పేటెంటు లభించినది. మరుసటి ఏడే బట్లరు క్యూనుండి విరమించినాడు. పిమ్మట కాలం మందులది. ఆ మందులు అన్నంలోకి వచ్చినప్పుడు ఏమగునో ఆయన తరం చూడలేదు. 1955-59 నడుమ టర్కీలో హెక్సాక్లోరోబెంజీను పట్టించిన విత్తన గోధుమలను జనం వండుకొని తిన్నారు. మూడువేలమందికి పైగా చర్మం పుండ్లుపడి పోర్ఫిరియా వ్యాధి పాలైనారు. తల్లిపాల ద్వారా విషం సోకిన పసికందులు రాలిపోయినారు. ఆ మందు మానవులకు క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ సంస్థ తరువాత వర్గీకరించినది. 1971-72లో ఇరాకులో పాదరసపు మందు పట్టించిన విత్తనం తిని 6530 మంది ఆసుపత్రులలో చేరగా 459 మంది అక్కడే మరణించినారు. సంచులపైని హెచ్చరిక వారికి తెలియని భాషలో ఉన్నది.

పాదరసమే మరొక రూపంలో మన చెఱకు ముచ్చెలకును పట్టినది. ఇతర పైరులకు నిషేధించిన పిదప కూడ చెఱకు ముచ్చెలకు, బంగాళాదుంప విత్తనానికి ఆ మందు అనుమతి నిలిచి, 2018లో గాని పూర్తిగా తొలగలేదు. ముచ్చె లోతున దాగిన ఎఱ్ఱకుళ్ళును పైపై ముంపు పూర్తిగా చేరజాలదన్నది వేరు సంగతి. అందుకే వేడి ఆవిరి పట్టించే పద్ధతి వచ్చినది.

నేటి మాంకోజెబు వేడికి కొంత విరిగి ఇథిలీన్ థయోయూరియా అగును. అది ఎలుకలలో థైరాయిడు కంతులు పుట్టించినది. మనుష్యులలో క్యాన్సరుకు అది కారణమని నిర్ధారణ కాలేదు. అయినను 2020లో ఐరోపా సమాఖ్య మాంకోజెబు అనుమతిని పొడిగించలేదు. కణవిభజనను అడ్డగించి శిలీంధ్రాన్ని చంపే కార్బెండజిము కొన్ని జాతుల చుంచులలో కాలేయపు కంతులు కలిగించినది. ఎంత మోతాదు, కోతకు ఎన్ని దినాలముందు చల్లినారు అన్నవి ఇక్కడ విస్మరింపరానివి. నాటువేళ దుంపను ముంచిన మందు వేరు, కోతవేళ కాయపై చల్లిన మందు వేరు. మందును నిందించి బూజును పూజించుటయు తగదు: సరిగా ఆరని ధాన్యంలో, వేరుసెనగలో, పసుపుకొమ్ములో పెరిగే బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ కాలేయపు క్యాన్సరుకు రూఢియైన కారణం. బట్లరు మృతినొందిన పదిహేడేండ్లకు, 1960లో, ఇంగ్లండులో సీమకోళ్ళు లక్షగా చచ్చిన పిదప అది బయటపడినది.

బోధను కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడినది. రుద్రూరులో చెఱకు పరిశోధనా క్షేత్రం, కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా క్షేత్రం ఉన్నవి. బట్లరు సగం వ్రాసి విడిచిన తుది గ్రంథాన్ని జోన్సు అనే సహరచయిత పూర్తిచేయగా 1949లో వెలువడినది. ఆయన పూసాలో కూర్చిన ఎండుటాకుల, ఎండుకొమ్మల భాండాగారం 1934 భూకంపం పిదప పరిశోధనాలయంతోపాటు ఢిల్లీకి తరలినది. కాగితపు పొట్లాలలో మడిచిన ఆ తెగులుటాకులు నేటికిని అక్కడ భద్రంగా ఉన్నవి.